పరుగుల దొడ్డిలో అడుగుల చప్పుడు

చీకటి పడితే పరుగుల దొడ్డి వైపు ఎవరూ చూసేవారు కాదు. వెళ్ళడం మాట దేవుడెరుగు... అటు చూసేవారే కాదు.

దొడ్డి అంటే పశువుల దొడ్డి అనుకునేరు. ఊరి చివర మందుల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటుంది. అక్కడ కొత్త మందులు ముందు కుక్కలకిచ్చి చూస్తారు. ఆ కుక్కలుండే షెడ్డు వెనక, నాలుగు పక్కలా నిలువెత్తు గోడ కట్టిన ఖాళీ జాగా అది. కుక్కలు పరుగెత్తడానికని కట్టారు. గోడ మీద 'వ్యాయామ ప్రాంగణం' అని బోర్డు కూడా ఉంది. ఆ పేరుతో పిలిచినవాడు బోర్డు రాసినవాడొక్కడే. మిగతా అందరికీ అది పరుగుల దొడ్డి.

పగలు అందులో ఒక్క కుక్కా పరుగెత్తేది కాదు. పరుగులన్నీ — రాత్రే.

ఇది మా చిన్న మావయ్య చెప్పిన సంగతి. ఆయన అక్కడ పదకొండేళ్ళు రాత్రి వాచ్‌మన్‌గా పనిచేశాడు. ఇదంతా చేరిన కొత్తలో జరిగింది. ఆయన నోట విన్నది విన్నట్టు చెబుతాను. మధ్యలో నా పైత్యం కొంచెం కలిస్తే సర్దుకోండి.

మావయ్య అంతకుముందు గడియారాల దుకాణంలో రిపేర్లు చేసేవాడు. ఫోన్లలోనే టైము చూసుకునే రోజులొచ్చాక దుకాణం మూతపడింది. వాచీలు బాగుచేసే మనిషి చివరికి వాచ్‌మన్ అయ్యాడని మా అత్త ఇప్పటికీ దెప్పుతుంది. ఆ ఉద్యోగమైనా ఎందుకొచ్చిందంటే, ఆర్నెల్లలో ముగ్గురు వాచ్‌మన్లు చెప్పాపెట్టకుండా పారిపోయారు. మూడోవాడు చెప్పులు కూడా వదిలేసి పోయాడు. మావయ్య చేరిన రోజు ఆ చెప్పులు ఇంకా గేటు గదిలోనే ఉన్నాయి.

ఇంటి దగ్గర అత్త ఒకే మాట చెప్పి పంపింది. ఈ ఉద్యోగం కూడా పోగొట్టుకుంటే ఇంటికి రావద్దంది. కాబట్టి మావయ్యకి ముందు దెయ్యం, వెనక మా అత్త.

షెడ్డులో పన్నెండు కుక్కలుండేవి. చెవులు వేలాడే చిన్న జాతి, మోకాలి ఎత్తు కూడా ఉండవు. పేర్లు లేవు. ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు. ఒక్కోదానికి ఒక్కో గూడు. ముక్కు నుంచి తోక మొదలు దాకా టేపు పెట్టి కొలిచి, ఆ లెక్కన కట్టిన గూళ్ళు. కుక్క నిలబడొచ్చు, వెనక్కి తిరగొచ్చు, కాళ్ళు చాచి పడుకోవచ్చు. అంతే. అంతకు రెట్టింపు గూడు కట్టిస్తే వేరే వ్యాయామం అక్కర్లేదని వాళ్ళ నియమాల పుస్తకంలో ఉందట. కట్టించలేదు. కాబట్టి రోజూ ప్రతి కుక్కనీ అరగంట బయట తిప్పాలి.

తిప్పేవాడు ఒకప్పుడు ఉండేవాడు. కుక్కల తాత అనేవారు. ఇరవై రెండేళ్ళు తిప్పాడు. ఒకనాడు జ్వరమొచ్చి ఆస్పత్రిలో పోయాడు. ఆ జాగాలో ఇంకొకరిని వెయ్యమని కాగితం రాసి పైకి పంపారు. పైకి వెళ్ళింది కాగితమైనా, కుక్కల తాతైనా... తిరిగి రాలేదు.

రాలేదని ఆఫీసువాళ్ళనుకున్నారు. కాంటీనువాళ్ళు మాత్రం తాత తిరిగొచ్చాడనే అన్నారు.

మరి రోజూ అరగంట సంగతేమిటంటారా? నడక లెక్క రాసే పుస్తకంలో ఏ లోటూ లేదు. షెడ్డుకి ఒక సూపరింటెండెంటు గారున్నారు. ఆయన ప్రతి సాయంత్రం ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి, పన్నెండు నంబర్లకెదురుగా 'నడిచింది' అని రాసి, కింద సంతకం చేసి, పొద్దున్నే తెచ్చి బల్ల మీద పెట్టేవారు. చెడ్డమనిషేం కాదు. సంతకం పెట్టడమే పని చెయ్యడం అని నమ్మిన మనిషి. అలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

మావయ్య మొదటి రాత్రి, ఒంటిగంట దాటింది.

అప్పటిదాకా షెడ్డులో కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి. ఒకటి అందుకుంటే రెండోది, రెండోది ఆపితే ఐదోది. మావయ్య గేటు గదిలో కూర్చుని, ఈ గోల అలవాటైతే గానీ ఉద్యోగం అలవాటు కాదనుకుంటున్నాడు.

ఉన్నట్టుండి... ఆగిపోయింది.

ఒకటి కాదు. పన్నెండూ ఒకేసారి. ఎవరో చెయ్యెత్తి ఆపినట్టు.

ఆ నిశ్శబ్దంలో, షెడ్డు వెనక ఎక్కడో గడియ తీసిన చప్పుడు. తర్వాత నేల మీద టపటపటప... టపటపటప... చిన్న చిన్న పాదాలు. ఆ పాదాల మధ్య ఇంకో అడుగు. బరువుగా, నెమ్మదిగా, ఈడ్చుకుంటూ. ఆపైన రొప్పు.

మావయ్య టార్చి పట్టుకుని దొడ్డి గోడ దాకా వెళ్ళాడు. టార్చి వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని నేనడిగితే, వేస్తే కనబడుతుంది కదరా అన్నాడు. ఇనుప తలుపు సందులోంచి ఒక కన్ను పెట్టి చూశాడు.

తెల్లగా ఏదో కదులుతోంది... కొంచెం ముందుకి వంగి ఉంది. దాని చుట్టూ నేల మీద నల్లటి ఆకారాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. దాని తల నుంచి భుజాల దాకా తెల్లటి జుట్టు విరబోసుకుని ఉంది. అది నడుస్తూ ఏదో గొణుగుతోంది. మావయ్యకి ఒక్క ముక్కే వినబడింది.

"...ఇంకో చుట్టు."

అంతే. మావయ్య గేటు గదిలోకి ఎలా వచ్చాడో ఆయనకే తెలీదు. గడియ వేసుకుని, కాళ్ళు రెండూ కుర్చీ మీదకి లాక్కుని, తెల్లారేదాకా అలాగే ఉన్నాడు.

పొద్దున్నే షెడ్డు కడగడానికి వచ్చే ఆవిడతో కలిసి లోపలికెళ్ళాడు. గూళ్ళన్నిటికీ గడియలు వేసే ఉన్నాయి. కుక్కలు పన్నెండూ ఒళ్ళు తెలీకుండా నిద్రపోతున్నాయి.

పాదాలకి మాత్రం — తడి మట్టి.

కడిగే ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. రోజూ అంతేనని, ఆ మట్టి కడగడం తనకి ఎక్కువ పనైపోయిందని, దెయ్యానికి కాస్త బుద్ధుంటే వానాకాలమైనా మానేసేదని విసుక్కుంది. మరి జుట్టు విరబోసుకుని ఉందేమిటి, కుక్కల తాతది బట్టతల అంటారు కదా అని మావయ్య అడిగాడు. పోయాక మొలిచిందేమో, బతికుండగా తీరని కోరికలు అప్పుడే కదా తీరేది అందావిడ.

మావయ్య భయపడుతూనే సూపరింటెండెంటు గారికి చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, రాసిమ్మన్నారు. మావయ్య రాశాడు. ఆయన చదివి, 'దెయ్యం' అన్న మాట కింద గీత గీసి, ఇది శాస్త్రీయ సంస్థ, ఇక్కడ అలాంటివి ఉండవు, మార్చి రాయమన్నారు. మావయ్య 'ఆకారం' అని మార్చాడు. అదీ కుదరదన్నారు. చివరికి ఇద్దరూ కలిసి 'గాలి' అని ఖాయం చేశారు. ఆ కాగితం ప్రకారం, తెల్లటి జుట్టు విరబోసుకున్న గాలి, పన్నెండు కుక్కల్ని వెంటేసుకుని, ఇంకో చుట్టు అంటూ దొడ్డిలో నడిచింది.

అలా రెండు వారాలు గడిచాయి. మావయ్య పారిపోలేదు. ధైర్యం కాదు, మా అత్త. రాత్రి ఒంటిగంటకి కుక్కలు మొరగడం ఆపగానే రేడియో పెంచుకుని కళ్ళు మూసుకునేవాడు. రెండున్నరకి అంతా సద్దుమణిగేది.

ఇక్కడ టానిక్ సారు గురించి చెప్పాలి. ఆ పన్నెండు కుక్కల మీద మందు పరీక్షిస్తున్న పెద్ద శాస్త్రవేత్త ఆయనే. గుండెకి బలమిచ్చే టానిక్ కనిపెట్టారు. ఎనిమిది కుక్కలకి టానిక్, నాలుగింటికి ఉత్త చక్కెర నీళ్ళు పోస్తున్నారు. తేడా తెలియాలి కదా. ఐదు నెలల్లో కుక్కలు ఎలా తయారయ్యాయంటే, గుండె చూస్తే గుండె, కండ చూస్తే కండ, కళ్ళల్లో వెలుగు. కాగితాల మీద గీతలన్నీ కొండెక్కుతున్నాయి. ఒకటే చిక్కు. చక్కెర నీళ్ళు తాగే నాలుగూ అంతే బాగున్నాయి.

ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవారు. టానిక్ సారు ఆగలేదు. తన టానిక్ ఎంత గొప్పదంటే పక్క గూట్లో కుక్క తాగినా చాలునని తేల్చేశారు. నెల తర్వాత పెద్ద బృందం ఒకటి చూడ్డానికి రాబోతోంది. ఆ ఏర్పాట్ల కోసం ఆయన సంస్థలోనే అతిథి గదిలో మకాం పెట్టారు. ఆ గది కిటికీ తెరిస్తే సరిగ్గా పరుగుల దొడ్డి.

మూడో రోజు రాత్రి ఆయనకీ చప్పుడు వినబడింది.

వాచ్‌మన్‌కి వినబడితే గాలి. శాస్త్రవేత్తకి వినబడితే కమిటీ. ముగ్గురు సభ్యులు. సూపరింటెండెంటు గారు, టానిక్ సారు, లెక్కలు చూసే మేడం. ఒక రాత్రంతా దొడ్డిలోనే కూర్చోవాలని తీర్మానించారు. మూడు కుర్చీలు వేయించుకున్నారు. ఫ్లాస్కులో టీ, చలి కొలిచే మీటరు, చప్పుడు పట్టే మిషను. మావయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. ముగ్గురూ దెయ్యాలు లేవని ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటూ, కుర్చీలు మాత్రం గంటగంటకీ దగ్గరికి జరుపుకున్నారట. తెల్లారేసరికి మూడు కుర్చీలూ ఒక బెంచీ అయిపోయాయి.

ఆ రాత్రి ఏమీ రాలేదు. కుక్కలు మాత్రం గూళ్ళల్లోంచి తెల్లవార్లూ ఏడ్చినట్టు మొరిగాయి.

కమిటీ పదకొండు పేజీల నివేదిక రాసింది. దెయ్యం ఉందని చెప్పలేం, లేదని చెప్పలేం, ఇంకా పరిశోధన జరగాలి అన్నారు. ముందుజాగ్రత్తగా షెడ్డు వెనక తలుపుకీ, దొడ్డి తలుపులకీ కొత్త తాళాలు వేయాలన్నారు. పాత తాళాలతో పాటు సూపరింటెండెంటు గారింట్లో ఉండే తాళాల గుత్తి కూడా ఆఫీసు బీరువాలో పెట్టాలన్నారు.

ఆ గుత్తి తీసుకురమ్మని మావయ్యనే పంపారు. సూపరింటెండెంటు గారి క్వార్టరు దొడ్డి వెనక గోడకి ఆనుకునే ఉంటుంది. ఆయనా, ఆయన తల్లీ ఉంటారు. తలుపు తీసింది ఆవిడే. డెబ్బై దాటిన మనిషి, జుట్టు ముడేసుకుని, ముక్కు చివర కళ్ళద్దాలు. ఎందుకూ అని అడిగింది. మావయ్య చెప్పాడు. ఆవిడ గోడ మేకుకున్న గుత్తి తీసి ఇచ్చింది. ఇచ్చింది గానీ వెంటనే వదల్లేదు. ఒక్క క్షణం ఇద్దరి చేతుల్లోనూ ఉండిపోయింది గుత్తి. సరే తీసుకెళ్ళు నాయనా అంది.

తాళాలు పడ్డాయి. చప్పుడు ఆగింది.

మావయ్య హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు... ఒక్క రెండు రోజులు.

మూడో రాత్రి నుంచి ఇంకో చప్పుడు మొదలైంది. ఏడో నంబరు కుక్క గూట్లో గుండ్రంగా తిరిగేది. ఎడమ వైపుకే. గోళ్ళు రేకు మీద గీసుకుంటూ కరకర, కరకర... సాయంత్రం మొదలెడితే తెల్లారేదాకా. నాలుగో నంబరు ముందు కాలు నాకి నాకి పుండు చేసుకుంది. మిగతావి మొరగడం మానేశాయి. గిన్నెల్లో తిండి గిన్నెల్లోనే ఉండేది. దెయ్యం చప్పుడుకన్నా ఆ కరకరే ఎక్కువ భయపెట్టిందన్నాడు మావయ్య. రేడియో పెంచినా దాని కింద నుంచి వినబడేది.

రెండు వారాలకి టానిక్ సారు గీతలన్నీ నేల మీదకి దిగాయి. టానిక్ తాగేవీ, చక్కెర నీళ్ళు తాగేవీ, అన్నీ ఒకేలా. మందు మోతాదు పెంచారు. ఇంకా దిగాయి. బృందం రావడానికి పది రోజులుంది.

ఒక రాత్రి ఆయన దుప్పటి కప్పుకుని గేటు గదికి వచ్చారు. అటూ ఇటూ చూశారు. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడారు. తర్వాత గొంతు బాగా తగ్గించి —

"ఆ... గాలి," అన్నారు. "మళ్ళీ రావాలంటే ఏం చెయ్యాలి?"

తాళాలు తీస్తే రావచ్చేమో సార్ అన్నాడు మావయ్య.

మర్నాడు మీటింగు. కుక్కలకి నడక లేకే ఇలా అయ్యాయని టానిక్ సారు బయటపడి అనలేరు. అంటే ఇన్నాళ్ళ బలం టానిక్‌ది కాదని ఒప్పుకున్నట్టే. సూపరింటెండెంటు గారు అసలే అనలేరు. పుస్తకంలో రోజూ నడుస్తూనే ఉన్నాయి కదా. టీ కప్పులు తియ్యడానికి వచ్చిన షెడ్డు కడిగే ఆవిడ మాత్రం, పొద్దున్నే ఒక గంట ముందొచ్చి తను తిప్పుతానంది. అందరూ ఆవిడ మంచితనాన్ని మెచ్చుకున్నారు. ఆ తర్వాత, ఆవిడ ఉద్యోగం కడగడమనీ, తిప్పడం వేరే ఉద్యోగమనీ, ఆ ఉద్యోగానికి కాగితం ఇంకా పైనుంచి రాలేదనీ వివరించారు. మనిషిని పెట్టాలంటే పోస్టు కావాలి. దెయ్యానికి అక్కర్లేదు.

షెడ్డుకి గాలి చాలడం లేదు, రాత్రిళ్ళు వెనక తలుపులు తెరిచి ఉంచాలి అని తీర్మానం రాశారు. తాళాలు తీసేశారు. చప్పుడు వస్తే ఎంతమాత్రం కదిలించవద్దని, దగ్గరికి పోవద్దని, టార్చి వెయ్యవద్దని టానిక్ సారు మావయ్యకి మరీ మరీ చెప్పారు.

మొదటి రాత్రి ఏమీ రాలేదు. ఏడో నంబరు తిరుగుతూనే ఉంది.

రెండో రాత్రి... ఒంటిగంట దాటాక...

కరకర ఆగిపోయింది.

మావయ్య రేడియో కట్టేశాడు. జీవితంలో మొదటిసారి దెయ్యం వచ్చిందని ఆయన మనసు తేలికపడింది. గడియ చప్పుడు. టపటపటప... ఇన్నాళ్ళూ కాళ్ళు కట్టేసినట్టున్న కుక్కల సంతోషం ఆ పరుగు వింటేనే తెలుస్తోంది. బరువైన అడుగు ఒక చుట్టు వేసింది. రెండో చుట్టు. మూడో చుట్టులో —

ధబ్.

ఏదో పడింది. పాదాల చప్పుడు ఆగింది. ఆ వెంటనే, చీకట్లోంచి, సన్నగా...

"అబ్బా... మోకాలు."

మావయ్య చెవులు రిక్కించాడు. మళ్ళీ అదే మూలుగు. ఆయన కుర్చీలోంచి లేచాడు. దగ్గరికి పోవద్దన్న టానిక్ సారు గుర్తొచ్చారు, అత్త గుర్తొచ్చింది, చెప్పులు వదిలేసి పోయిన మూడోవాడు కూడా గుర్తొచ్చాడు. కానీ దెయ్యానికి మోకాళ్ళ నొప్పులుంటాయని ఆయన ఎక్కడా వినలేదు.

తలుపు తోసుకుని వెళ్ళాడు. టార్చి వేశాడు.

నేల మీద కూర్చుని ఉంది. తెల్లటి శాలువా, విరబోసుకున్న తెల్లటి జుట్టు. చుట్టూ కుక్కలు మూగి ఉన్నాయి. ఒకటి చెయ్యి నాకుతోంది, ఒకటి ఒళ్ళోకెక్కి కూర్చుంది. వెలుతురు పడగానే ఆ ఆకారం చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తింది.

ముక్కు చివర కళ్ళద్దాలు.

సూపరింటెండెంటు గారి తల్లి.

"దీపం తియ్యి నాయనా," అంది మెల్లగా. "మా వాడు లేస్తాడు."

మావయ్య టార్చి ఆర్పేసి, ఆవిడ పక్కనే కూలబడ్డాడు. ఒక కుక్క వచ్చి ఆయన మోచేతి కింద తల దూర్చింది. అంతవరకు మావయ్య కుక్కని ముట్టుకుని ఎరగడు.

ఆ చీకట్లో ఆవిడ కొంచెం కొంచెంగా చెప్పింది. కొడుకు దగ్గరికి వచ్చి ఎనిమిది నెలలయింది. షుగరు ఉంది, రోజూ గంట నడవాలని డాక్టరు చెప్పాడు. పగలు ఆవరణలో బయటివాళ్ళు తిరగకూడదని కొడుకు కదలనివ్వడు. డాక్టరు అడిగినప్పుడల్లా, మా అమ్మ రోజూ నడుస్తుందండీ అని తనే చెప్పేస్తాడు. నిద్ర పట్టదు. కొడుకు పడుకుంటే ఇల్లు కూలినా లేవడు, వెలుతురు పడితే తప్ప. వెనక తలుపు తీస్తే ఈ దొడ్డే. కమిటీ కూర్చున్న రాత్రి మాత్రం రాలేదు. దెయ్యాన్ని పట్టబోతున్నామని వాడే అన్నం తింటూ చెప్పాడు కదా అంది.

నడవాలంటే ఒక్కరే నడవొచ్చుగా, కుక్కల్ని ఎందుకు విప్పారు అమ్మగారూ అని అడిగాడు మావయ్య.

ఆవిడ ఒళ్ళో కుక్క చెవి నిమిరింది.

"వచ్చిన మొదటిరోజు, అన్నాల దగ్గర వాడు ఆ పుస్తకం ముందేసుకుని సంతకం పెడుతున్నాడు. నడిచాయా నాన్నా అని అడిగాను. నడుస్తాయిలే అమ్మా అన్నాడు." ఆవిడ గొంతులో కోపం లేదు. "నడుస్తాయిలే అంటే... ఎవరో ఒకరు నడిపించాలి కదా. లేకపోతే నా కొడుకు అబద్ధం మీద సంతకం పెట్టినవాడవుతాడు."

మావయ్య చీకట్లో క్వార్టరు వైపు చూశాడు.

"వాడు మొదట్నించీ అంతే," అంది. "బళ్ళో లెక్కలు చేశానని చెప్పి పడుకునేవాడు. తెల్లారేలోపు నేను చేసి పెట్టేదాన్ని. అదే తప్పయింది."

లేవబోయింది. కాలు నిలవలేదు. మావయ్య భుజం ఆసరా ఇచ్చి లేపాడు. కుక్కల్ని మళ్ళీ గూళ్ళలో పెట్టాలి. ఆవిడ ఒక్కోదాన్ని ఒక్కో పేరుతో పిలిచి చూపిస్తుంటే, ఆయన భయంభయంగా పట్టుకెళ్ళి గడియలు వేశాడు. తొమ్మిది వెళ్ళాయి. ఏడో నంబరూ, నాలుగో నంబరూ, ఇంకోటీ ఎంత పిలిచినా వెళ్ళలేదు. రెండు వారాల ఆకలి వాటి కాళ్ళకి ఇంకా తీరలేదు. షెడ్డులోని తాళ్ళు ఆ మూడింటి మెడలకి వేసి, వాటిని ఒక చేత్తో, ఆవిడని ఇంకో చేత్తో పట్టుకుని, మావయ్య క్వార్టరు వెనక తలుపు దాకా వచ్చాడు.

తలుపు మీద చెయ్యి వెయ్యకముందే అది తెరుచుకుంది.

గుమ్మంలో సూపరింటెండెంటు గారు. మంచినీళ్ళకి లేచారట. ఒక చేతిలో గ్లాసు అలాగే ఉంది. తల్లిని చూశారు. విరబోసుకున్న జుట్టు చూశారు. వాచ్‌మన్‌ని చూశారు. మూడు కుక్కల్ని చూశారు. వాటి పాదాల మట్టి చూశారు. ఆయన రాయించిన 'గాలి' మొత్తం ఆయన గుమ్మం ముందు నిలబడి ఉంది.

మావయ్య తన ఉద్యోగం అయిపోయిందనుకున్నాడు. అత్తకి ఏం చెప్పాలో మనసులో వరస కట్టుకుంటున్నాడు.

ఆవిడే మావయ్య చేతిలోంచి తాళ్ళు తీసుకుంది. కొడుకు చేతిలో గ్లాసు తీసేసి, ఆ చేతిలో పెట్టింది.

"ఇవి మూడూ మిగిలాయి నాన్నా," అంది. "ఈ లెక్కలు నా వల్ల కావడం లేదు. నువ్వే చేసుకో."

ఆయన నోరు తెరిచారు. ఏదో నియమం చెప్పబోయారని మావయ్య అంటాడు. ఈలోపు ఏడో నంబరు తాడు లాగింది. ఆయన గుమ్మం దిగారు. చెప్పుల్లేవు. కట్టుకున్న లుంగీ ఒక చేత్తో పట్టుకుని, మూడు కుక్కల వెనక ఆ చీకట్లోకి వెళ్ళిపోయారు.

ఆవిడని మంచం మీద కూర్చోబెట్టి, మావయ్య గేటు గదికి తిరిగొచ్చాడు. దొడ్డిలోంచి టపటపటప, దాని వెనక దబదబదబ. మధ్యమధ్య ఎవరో బతిమాలుతున్న గొంతు, "మెల్లగా... మెల్లగా..."

అప్పుడొచ్చారు టానిక్ సారు. ఒళ్ళంతా దుప్పటి చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి, గోడ వెంబడే పాకినట్టు వచ్చారు. మావయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వచ్చింది," అన్నారు గుసగుసగా. "కిటికీలోంచి చూశాను. కానీ... ఇది అది కాదు. దీనికి బొజ్జ ఉంది."

మావయ్య దొడ్డి వైపు చెవి పెట్టి విన్నాడు. మూడో చుట్టు నడుస్తోంది.

"కదిలించకండి సార్," అన్నాడు. "ఇవాళే డ్యూటీలో చేరింది."